సెప్టెంబరు చివర్లో ఈ ఉడుకేంది? కోస్తా చల్లబడేదెప్పుడు?

కావలి_కుర్రోడు
హస్త కార్తె ముంగిట్లో ఉండాం. మధ్యాహ్నం బజారుకి పోతే మే నెల మాదిరి మొహానికి కొడతా ఉంది. బులెటిన్‌లో రోజూ అదే పాట: "దక్షిణ కోస్తాలో ఒకటి లేదా రెండు చోట్ల ఉరుములతో కూడిన జల్లులు". ఫోన్లో చూస్తే గరిష్ఠం 32 అంటది. టీవీ పెడితే "బంగాళాఖాతంలో అల్పపీడనం" అని ఊదరగొడతన్నారు. అల్పపీడనం ఉంటే చల్లబడాల గదా? ఎవుర్ని నమ్మాల? అసలు ఎప్పటికి తగ్గుద్ది ఇది?

ఉక్కపోత_సంఘం
ఉత్తర చూసి ఎత్తర గంప అన్నారు పెద్దలు. గంప ఎత్తి ఏ ఊరెళ్లాలో మాత్రం చెప్పలేదు.

రాడార్_రంగడు
టీవీవాళ్లు అల్పపీడనం "ఉంది" అని చెప్పి ఊరుకుంటారు. ఎక్కడుంది అన్నదే అసలు సంగతి. దాని చుట్టూ గాలి గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది. అది వాయవ్య బంగాళాఖాతంలో, ఒడిశా ఒడ్డున కూర్చుందనుకోండి. నైరుతి మూలనున్న మనకి తగిలేది పడమటి, వాయవ్య గాలి. ఆ గాలి తన తేమంతా పడమటి కనుమల దగ్గరే వదిలేసి, దక్కన్ మీదుగా పొడిబారి వస్తుంది. పీఠభూమి దిగి, వెలికొండలు దాటి తీరానికి జారేటప్పుడు కిలోమీటరుకి దాదాపు 10 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. అంటే 500 మీటర్లు దిగితే 5 డిగ్రీలు ఊరికే కలిసినట్టే.

రెండో దెబ్బ ఇంకోటుంది. ఈ పడమటి గాలి జోరుగా ఉన్నప్పుడు సముద్రపు గాలిని గట్టెక్కనివ్వదు. మామూలుగా పన్నెండు లోపే వచ్చేది మూడు దాటినా రాదు, ఒక్కోరోజు అసలే రాదు. కావలి, ఒంగోలు, తుని మండేది ఇలాంటి రోజుల్లోనే.

అదే అల్పపీడనం పశ్చిమ మధ్య బంగాళాఖాతంలో, మన ఒడ్డుకి ఎదురుగా ఉంటే ఉత్తర కోస్తాకి తూర్పు, ఈశాన్య గాలి తగులుతుంది. మబ్బు, ముసురు. ఆ రోజు కూడా నెల్లూరుకి పడమటి గాలే ఉండొచ్చు. 2021లో గులాబ్ తుపాను సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటింది. అలాంటి దారిలో వెళ్లే వ్యవస్థలకి శ్రీకాకుళం తడుస్తుంటే నెల్లూరులో ఎండ కాయడం వింతేం కాదు.

కావలి_కుర్రోడు
ఇది అర్థమైంది అన్నా. మరి యాప్ 32 అనేది ఎందుకు? ఇక్కడ చొక్కా తడిసిపోతా ఉంటే.

మోడల్_మామ
యాప్‌ది అబద్ధం కాదు, అది చూసే గడి వేరు. వాతావరణం లెక్కేసే కంప్యూటర్ మోడళ్లు నేలని గళ్లుగా కోసి, గడికో అంకె ఇస్తాయి. అమెరికా మోడల్ జీఎఫ్‌ఎస్ గడి సుమారు 13 కిలోమీటర్లు, యూరోపియన్ మోడల్‌ది 9. తీరపు ఊరు పడిన గడిలో సగం సముద్రమే ఉంటుంది. ఇప్పుడు బంగాళాఖాతం నీళ్లు 28 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటాయి కాబట్టి ఆ గడిలో పగలూ రాత్రీ పెద్ద తేడా కనపడదు. 29, 31, 30 అని గీత గీసినట్టు పోతోందంటే మీరు చూసేది సముద్రాన్నే.

చేయాల్సిందిది. విండీ లాంటి గాలి మ్యాపుల యాప్ తెరిచి, మీ ఊరి మీద కాకుండా పడమరగా 15–20 కిలోమీటర్లు లోపల వేలు పెట్టండి. మూడు చూడండి.

ఉదయం 11:30, మధ్యాహ్నం 2:30 గాలి దిక్కు. మ్యాపు యూటీసీలో ఉంటే 06, 09 అని కనపడతాయి, 5:30 గంటలు కలుపుకోవాలి. 11:30కే ఆగ్నేయం అయితే బతికాం. 2:30కి కూడా పడమర అంటే ఆ రోజు పోయినట్టే.

850 హెక్టోపాస్కల్ ఉష్ణోగ్రత, అంటే సుమారు కిలోమీటరున్నర ఎత్తున ఉన్నది. బాగా ఎండ కాసి, పడమటి గాలి ఉన్న రోజు దానికి 15 కలపండి. అక్కడ 20 ఉంటే కింద 35, 22 ఉంటే 37. మబ్బు పట్టినా, సముద్రపు గాలి వచ్చినా ఈ లెక్క పనిచేయదు.

మూడోది డ్యూ పాయింట్, అంటే గాలి ఎంతకి చల్లబడితే అందులోని తేమ నీళ్లుగా మారుతుందో ఆ ఉష్ణోగ్రత. దాని గురించి బాపట్లవాళ్లు చెప్తేనే బాగుంటుంది.

వాల్తేరు_వాసి
వైజాగ్‌లో ఐతే గడి కాదు, పేటే మారిపోద్ది. ఐఎండీకి (కేంద్ర వాతావరణ శాఖకి) ఇక్కడ రెండు స్టేషన్లు: ఒకటి వాల్తేరులో బీచ్‌కి దగ్గర, ఇంకోటి కొండల వెనక ఎయిర్‌పోర్టు కాడ. పడమటి గాలి రోజున ఎయిర్‌పోర్టు ఎక్కువ చూపిస్తాది. పేపరోడు ఏది రాస్తే అదే "విశాఖ ఉష్ణోగ్రత". గాజువాకోళ్లు ఎయిర్‌పోర్టు లెక్క చూసుకోవాల, ఎంవీపీ కాలనీవోళ్లు వాల్తేరుది.

బాపట్ల_బీచ్‌రోడ్
పిలిచారు కాబట్టి చెప్తున్నా. మీరంతా గరిష్ఠం చుట్టూ తిరుగుతున్నారు. మా వైపు గరిష్ఠం 33, 34 దాటదు. అయినా సాయంత్రానికి మనిషి పిండేసిన బట్ట. కావలి మంట వేరు, మా ఉబ్బ వేరు. రెండూ ఒకే వారంలో, పక్కపక్క జిల్లాల్లో ఉంటాయి.

సముద్రం 29 డిగ్రీల మీద ఉన్నప్పుడు దాని మీద నుంచి వచ్చే గాలి డ్యూ పాయింట్ 26, 27 ఉంటుంది. తేమ శాతం చూసి లాభం లేదు, అది గంటగంటకీ మారుతుంది. డ్యూ పాయింట్ 27 అలాగే నిలిచి ఉంటే ఉష్ణోగ్రత 36 అప్పుడు తేమ 60 శాతం, 28కి పడిపోయిన తెల్లవారుజామున 94. గాలిలో నీళ్లు మాత్రం అవే. డ్యూ పాయింట్ 24 దాటితే ఉక్క మొదలు, 26 దాటితే రాత్రి ఫ్యాన్ కింద కూడా చెమట ఆరదు.

ఒంటికి తెలిసే వేడి లెక్క: 32 డిగ్రీలు, 70 శాతం తేమ అయితే సుమారు 41. 34.5 డిగ్రీలు, 60 శాతం అయితే 43. 35.5, 60 శాతం అయితే 46–47. ఇదంతా నీడలో. నేరుగా ఎండలో నిలబడితే ఇంకో 8 దాకా కలవొచ్చు. ఇందులో ఏ సంఖ్యా "గరిష్ఠ ఉష్ణోగ్రత" గడిలో కనపడదు.

ఉక్కపోత_సంఘం
46 అంట. మా సంఘం సభ్యత్వం ఇవాళ్టి నుంచి ఉచితం.

గుంటూరు_గోంగూర
మరి వడగాలి అని ఎందుకు ప్రకటించరండీ? 37 దాటిందిగా కొన్ని చోట్ల. ప్రకటిస్తే స్కూళ్లకి ఒంటిపూట అయినా ఇస్తారు.

రాడార్_రంగడు
37 దాటడం ఒక్కటే చాలదు. కోస్తా స్టేషన్లకి ఐఎండీ నిబంధన రెండు ముక్కలు: గరిష్ఠం కనీసం 37 ఉండాలి, అది సాధారణం కన్నా 4.5 డిగ్రీలైనా ఎక్కువ ఉండాలి. రెండూ కలవాలి. అదీ ఒక సబ్‌డివిజన్లో (ఐఎండీ విడదీసుకున్న ప్రాంతం) కనీసం రెండు స్టేషన్లలో, వరసగా రెండు రోజులు. ప్రకటన రెండో రోజున. మచిలీపట్నంలో ఈ నెల సాధారణం 33 దరిదాపు, కాబట్టి 37.5 అవ్వాలి. నెల్లూరులో సాధారణమే 35 దాకా ఉంటుంది, అక్కడ 38 అయినా వడగాలి కిందకి రాదు. నిబంధన తేమని పట్టించుకోదు, అదే దాని లోపం. బాపట్ల గారు చెప్పిన 34 డిగ్రీల ఉబ్బకి ఈ పుస్తకంలో పేరే లేదు.

గుంటూరు_గోంగూర
మా కారులో 41 చూపించింది మొన్న. దాన్ని ఏమనాలి?

మోడల్_మామ
తారురోడ్డు వేడి అనాలి. కారు సెన్సారు ముందు బంపర్ దగ్గర ఉంటుంది, సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ సెగ కూడా దానికే. ఫోన్ అయితే తన బ్యాటరీ వేడి తానే చదువుతుంది.

ఇంట్లో సరిగ్గా కొలవాలంటే ఉత్తరం వైపు వరండా, నేలకి నాలుగడుగుల ఎత్తు, గోడకి తగలకుండా, ఏసీ అవుట్‌డోర్‌కి దూరంగా. రెండు మామూలు థర్మామీటర్లు తీసుకుని ఒకదాని బుడ్డికి పల్చటి మల్లు గుడ్డ చుట్టి, గుడ్డ కొస డిస్టిల్డ్ వాటర్ ఉన్న చిన్న సీసాలో వేయండి. బోరు నీళ్లయితే ఉప్పు పేరుకుని గుడ్డ గట్టిపడి తప్పు చూపిస్తుంది. రెండు నిమిషాలు విసనకర్రతో విసిరి చదవండి. పొడిది 34, తడిది 29 అయితే తేమ దాదాపు 68 శాతం. పొడిది 36, తడిది 26 అయితే 45 దగ్గర.

ఈ తడి అంకెతోనే ఇంకో పని అవుతుంది. కూలర్ ఎంత చల్లబరుస్తుందో ముందే తెలుస్తుంది.

బందరు_లడ్డు
అదే అడుగుదామనుకుంటున్నా. నిన్న కూలర్ వేస్తే బాగానే ఉంది, ఇవాళ వేస్తే ఆవిరి పట్టినట్టుంది. ప్యాడ్లు మార్చాలా?

మోడల్_మామ
ప్యాడ్లు కాదు, గాలి మారింది. మంచి కూలర్ పొడి, తడి అంకెల తేడాలో 80 శాతం దాకా దించుతుంది. పడమటి గాలి రోజున 36 డిగ్రీలు, 35 శాతం తేమ అయితే తడి అంకె 24. తేడా 12, అందులో 80 శాతం అంటే దాదాపు పది డిగ్రీలు దిగి 26కి వస్తుంది. సముద్రపు గాలి తిరిగి అదే 36కి 60 శాతం తేమ ఉంటే తడి అంకె 29. దిగేది ఐదున్నర, వచ్చేది 30న్నర డిగ్రీల చిత్తడి గాలి. ఆ రోజు మోటారు ఆపి ఉత్త ఫ్యాన్‌గా వాడండి, ఎదురు కిటికీ తెరవండి. ఏసీ ఉంటే 26 మీద పెట్టి సీలింగ్ ఫ్యాన్ కలపండి. సాయంత్రం ఆరు తర్వాత వేడి తగ్గి ఉక్క మిగిలితే డ్రై మోడ్ చాలు.

బందరు_లడ్డు
అంటే కూలర్ స్విచ్ వేసే ముందు దండెం మీద లుంగీ ఎటు ఎగురుతోందో చూసుకోవాలన్నమాట.

మోడల్_మామ
అంతే. తూర్పుకి ఎగిరితే నీళ్లు పోయండి, పడమరకి ఎగిరితే పోయకండి.

డెల్టా_దుక్కి
మీ ఏసీల గొడవ అయ్యిందా? వరి సంగతి చూద్దాం. ఈనిక మీదున్న (వెన్ను తీసి పూత పట్టే) చేలకి 35 దాటిన వేడి ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు మధ్య తగిలితే పుప్పొడి ఎండి తాలు గింజలు పడతాయి. చేలో 5 సెంటీమీటర్లు నీళ్లు నిలపండి, రాత్రి పెట్టిన నీళ్లయితే ఇంకా మేలు.

మార్టేరు_మాట
ఆ సలహా అందరికీ కాదండి. జూన్‌లో పోసిన ఎంటీయూ 1010 లాంటి స్వల్పకాలిక రకాలైతే సరే. బీపీటీ 5204, స్వర్ణ లాంటి దీర్ఘకాలిక రకాలు ఇంకా పొట్టకే రాలేదు చాలా చోట్ల. వాటికి ఇప్పుడు తాలు భయం లేదు. భయమల్లా సుడిదోమ (దుబ్బు మొదట్లో రసం పీల్చే పురుగు), పాముపొడ తెగులు. పగలు ఉక్క, రాత్రి గాలాడకపోవడం, కింద నిలవ నీళ్లు: దోమకి ఇంతకన్నా పండగ లేదు. అలాంటి చేలో 5 సెంటీమీటర్లు నిలిపితే మనమే మేపినట్టు.

దుబ్బుల మొదట్లోకి వంగి చూడండి, పైనుంచి కనపడదు. పిలకల దశలో దుబ్బుకి 10–15, పొట్ట దశ నుంచి 20–25 దోమలు కనిపిస్తే మందు. అంతకుముందే నీళ్లు తీసేసి రెండు మూడు రోజులు ఆరగట్టండి. నాటేటప్పుడు ప్రతి 2 మీటర్లకి 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలినవాళ్లు అదృష్టవంతులు, వదలనివాళ్లు ఇప్పుడైనా దుబ్బులు చీల్చి పాయలు తీయండి. యూరియా ఆపండి. సింథటిక్ పైరిత్రాయిడ్ రకం పురుగుమందులు కొడితే దోమ తగ్గకపోగా పెరుగుతుంది.

డెల్టా_దుక్కి
మీరన్నది దోమ ఉన్న చేలకి. నేనన్నది ఈనిక చేలకి. ఈనిక మీద ఆరగడితే గింజ మిగలదు.

మార్టేరు_మాట
ఈనిక చేలో దోమ కూడా ఉంటే? నీళ్లు తీసి, నేల చీలకుండా పదును ఉంచి, మళ్లీ పెట్టాలి. అటూ ఇటూ పోకుండా ఈ వారం చేయగలిగింది అదొక్కటే.

భీమారం_చెరువు
రొయ్యలోళ్లకి ఒక్క ముక్క అండి ఆయ్. నీళ్లు 33 దాటితే మేత తగ్గించండి, చెక్ ట్రేలో (మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం) మిగిలింది చూసి ఇంకా కోయండి. తిన్నదానికన్నా మిగిలిందే చంపుద్ది. ఈ రోజుల్లో పగలు పడమటి గాలి కొట్టి రాత్రికి పూర్తిగా పడిపోద్ది, నీళ్లు కదలవు. తెల్లారగట్ల మూడు నుంచి ఐదు మధ్య డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) అన్నిటికన్నా తక్కువ. 4 పీపీఎం కిందకి పోకముందే ఏరియేటర్లు అన్నీ తిరుగుతుండాలి, పోయాక తిప్పి లాభం లేదు.

అసలు ముప్పు ఉరుముల వాన పడ్డప్పుడు. పైన తీపి నీళ్లు, కింద వేడి ఉప్పు నీళ్లు రెండు పొరలైపోతాయి, కింద గాలి అందదు. వాన పడుతుండగానే ఏరియేటర్లు తిప్పాలి, తూములో పై పలకలు తీసి పై నీళ్లు వదలాలి. గట్ల మీద సున్నం ముందే చల్లి ఉంచాలి, లేకపోతే గట్టు కడిగిన నీళ్లతో పీహెచ్ పడిపోద్ది. ఉదయం సాయంత్రం పీహెచ్ తేడా 0.5 దాటకూడదు. ఉరిమితే కరెంటు పోద్ది, జనరేటర్‌లో డీజిల్ చూసుకోండి. ఇది చాలామంది మర్చిపోయేది.

కావలి_కుర్రోడు
అసలు వాన గురించి ఎవురూ చెప్పలా. "ఒకటి లేదా రెండు చోట్ల" అంటే మా ఊరికి ఉన్నట్టా లేనట్టా?

రాడార్_రంగడు
బులెటిన్ మాటలకి కొలతలున్నాయి. "ఒకటి లేదా రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలోని స్టేషన్లలో 25 శాతం లోపు. "కొన్ని చోట్ల" 26–50, "చాలా చోట్ల" 51–75, అది దాటితే దాదాపు అన్ని చోట్లా. "మోస్తరు" అంటే 24 గంటల్లో 15.6 నుంచి 64.4 మిల్లీమీటర్లు, "భారీ" 64.5 నుంచి. లెక్క ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా. రాత్రి కురిసింది పేపర్లో మర్నాటి ఖాతాలో పడేది అందుకే.

నాలుగు ఊళ్లలో మూడింటికి రాదు అని చదువుకోండి. ఆ ఒక్క ఊరు ఏదో ముందురోజు ఎవరూ చెప్పలేరు. మధ్యాహ్నం మూడు తర్వాత మచిలీపట్నం రాడార్ చూడండి. ఉత్తరాంధ్ర వాళ్లకి విశాఖ రాడార్, నెల్లూరుకి శ్రీహరికోట లేదా చెన్నై. పడమటి గాలి, ఆలస్యంగా వచ్చిన సముద్రపు గాలి ఎదురుపడే గీత మీద క్యుములోనింబస్ (ఉరుముల మబ్బు) లేస్తుంది. ఆ గీత తీరానికి దగ్గర్లో ఉంటే సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది మధ్య వాన. రంగు 45 డీబీజెడ్ (రాడార్‌లో వాన జోరు కొలత) దాటి, మీ వైపు కదులుతుంటే అరగంటలో తలుపులు వేసుకోండి. మబ్బు కదిలేది నేల మీది గాలిని బట్టి కాదు, మూడు నుంచి ఐదున్నర కిలోమీటర్ల ఎత్తున వీచే గాలిని బట్టి. చేలో ఉన్నవాళ్లు పిడుగుల హెచ్చరికకి దామిని యాప్ పెట్టుకోండి, తాటిచెట్టు కిందకి మాత్రం పోకండి.

గుంటూరు_గోంగూర
మాకు వచ్చిందండీ ఆ వాన. అరగంట హాయి. మర్నాడు ఇంకా దారుణం.

బాపట్ల_బీచ్‌రోడ్
అవుతుంది మరి. నేల తడిసింది కాబట్టి గరిష్ఠం ఒకటి రెండు డిగ్రీలు తగ్గుతుంది, ఆ తడి ఆవిరై డ్యూ పాయింట్ పెరుగుతుంది. ఒంటికి తెలిసే వేడి అక్కడే ఉంటుంది, ఒక్కోసారి పైకే. సాయంత్రం జల్లు పడితే ఎండ విరిగినట్టు కాదు.

వాల్తేరు_వాసి
మరేటి పడితే విరుగుద్ది?

మోడల్_మామ
మూడింట్లో ఒకటి జరగాలి. ఒకటి, అల్పపీడనం ఒడిశా దాటి ఛత్తీస్‌గఢ్, విదర్భ వైపు పోయి బలహీనపడాలి. అప్పుడు పడమటి గాలి జోరు తగ్గి సముద్రపు గాలి వేళకి వస్తుంది. కావలికి మంట తగ్గుతుంది, బాపట్లకి ఉబ్బ తగ్గదు. రెండు, ఇంకో ఆవర్తనం మన తీరానికి ఎదురుగా ఏర్పడాలి, లేదా కోస్తా మీదుగా తమిళనాడు దాకా ద్రోణి పరుచుకోవాలి. మబ్బు రోజంతా నిలిచి, వానలు "ఒకటి లేదా రెండు" నుంచి "చాలా చోట్ల"కి మారతాయి. రెండు రకాల వేడీ తగ్గేది ఇందులోనే.

మూడోది కాలం మారడం. నైరుతి వెనక్కి మళ్లడం వాయవ్య రాజస్థాన్ నుంచి సెప్టెంబరు 17కి మొదలై, దేశమంతా అక్టోబరు 15కి పూర్తవడం మామూలు. ఈశాన్య గాలి మన దక్షిణ కోస్తాకి అక్టోబరు 20 ప్రాంతంలో. ఈ మధ్యలోని మూడు నాలుగు వారాలు గాలికి దిక్కు ఉండదు, ఉక్క ఎక్కువ. అక్టోబరు తొలివారం చల్లగా ఉంటుందని ఆశ పెట్టుకోకండి.

ఉక్కపోత_సంఘం
ఇంత వేడెక్కితే తుపాను ఖాయం అంటున్నారు మా వీధిలో. హుద్‌హుద్ ముందు కూడా ఇలాగే ఉందంట.

రాడార్_రంగడు
హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖలో తీరం దాటింది. తుపానుకి ముందు ఉక్క ఉండొచ్చు, అంచుల్లో గాలి కిందకి దిగి మబ్బు చెదిరి ఎండ కాస్తుంది. అలాగని ఉక్క ఉన్న ప్రతిసారీ తుపాను రాదు. ఈ నెలలో ఉక్క ప్రతి ఏడూ ఉంటుంది. తుపానుకి వెచ్చటి నీళ్లతో పాటు పైగాలి, కిందిగాలి వేగాల్లో తేడా తక్కువ ఉండాలి. అది మీ వీధిలో నిలబడితే తెలియదు. విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం "వాయుగుండం" అని రాసేదాకా ఆగండి.

గుంటూరు_గోంగూర
దసరా పందిరి పనులు మొదలవుతున్నాయి ఇక్కడ. కర్రలు కట్టే కుర్రాళ్లకి ఏమైనా చెప్పండి.

బాపట్ల_బీచ్‌రోడ్
పదకొండు నుంచి నాలుగు దాకా పైకెక్కే పని ఆపండి. దాహం కోసం ఆగకుండా పావుగంటకో గ్లాసు నీళ్లు. గంటలు గంటలు చెమట పోసేవాళ్లకి ఉత్త నీళ్లు చాలవు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ అయితే దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి, చిక్కగా కలిపితే చెడుపు. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా టీ చెంచానే. మజ్జిగలో ఉప్పు వేసినా సరే. కూల్‌డ్రింకులు వద్దు. మాట తడబడినా, తిక్కగా ప్రవర్తించినా అలసట అనుకోవద్దు, వడదెబ్బే. నీడకి లాగి, ఒళ్లంతా తడిపి ఫ్యాన్ పెట్టి, 108కి ఫోన్ చేయండి. స్పృహ తప్పితే నోట్లో నీళ్లు పోయకూడదు.

కావలి_కుర్రోడు
నువ్వు చెప్పినట్టు పడమరగా 20 కిలోమీటర్ల లోపల చూశా మామా. రేపు 2:30కి పడమర, ఎల్లుండి పడమర, ఆవలెల్లుండి 11:30కే ఆగ్నేయం చూపిస్తా ఉంది. 850 కాడ 22 నుంచి 20కి దిగతా ఉంది.

మోడల్_మామ
అది ఏ మోడల్? జీఎఫ్‌ఎస్ ఒక్కటే అయితే అప్పుడే సంబరపడకు. యూరోపియన్ కూడా అదే చెప్తుంటే, రేపు సాయంత్రం మోడల్ కొత్తగా వేసే లెక్కలోనూ మారకపోతే, ఆవలెల్లుండి నుంచి కావలిలో రెండు డిగ్రీలు తగ్గుతుంది. ఉక్క మాత్రం అప్పుడే మొదలు.

కావలి_కుర్రోడు
యూరోపియన్‌లో ఇంకో రోజు ఆలీసం చూపిస్తా ఉంది.

మోడల్_మామ
అయితే ఆ ఇంకో రోజు కూడా కలుపుకో.